చక్రాలు చూసే పని

ఎండిన చెరువులో విమానం దింపాలన్న ఆలోచన ఎవరి బుర్రలో పుట్టిందో గానీ, ఆ మహానుభావుడు ఆ చెరువులో ఒక్కనాడూ కాలు పెట్టి ఉండడు. మూడేళ్లుగా చుక్క నీరు లేదు. అడుగంతా మనిషి కాలు దిగబడేంత నెర్రెలు. పామిడి చుట్టుపక్కల ఊళ్ల నుంచి కరువు పనికి వచ్చిన కూలీలు పది దినాలు మట్టి మోసి ఆ నెర్రెలు పూడ్చారు. రోడ్డు గుండు తెచ్చి ఎద్దులకు బదులు తామే లాగారు. ఎద్దులు అప్పటికే సంతలో అమ్ముడుపోయాయి. ముప్పావు మైలు పొడవున రెండు పక్కలా సున్నం గీతలు గీశారు. కాగితాల్లో దానికి విమానాల మైదానమని పేరు పెట్టారు.

పైలెట్ నాగప్ప ఒక రోజు ముందే, మధ్యాహ్నం పూట, ఒక్కడే వచ్చి అక్కడ దిగి చూసుకున్నాడు. యాడికి ఊరి మనిషి, నలభై ఏళ్లుంటాయి. నలుగురు పట్టే ఆ చిన్న సర్కారు విమానాన్ని నాలుగేళ్లుగా నడుపుతున్నాడు. దిగగానే మడమతో నేలను తన్ని చూసి, "ఈ నేల మీద గాడిద గూడా నడవదు" అని పైకే అన్నాడు. చుట్టూ మూగిన జనం నవ్వారు. ఆయన నవ్వలేదు.

జనమంతా ముందున్న పంఖాను ముట్టుకోవాలని ఎగబడుతుంటే ఒక మనిషి మాత్రం గొంతుక్కూర్చుని విమానం పొట్ట కింద చూస్తున్నాడు. గళ్ల లుంగీ, నెరిసిన గడ్డం. చక్రానికి అరచెయ్యి ఆనించి వేడి చూసి, ఇరుసును వేలితో తట్టాడు.

"ఏం చూస్తాండావు పెద్దాయనా?"

"చక్రం సార్. ఇది పొట్టలోకి ముడుచుకుంటాది గదా? మొన్న మా ఊరి మీద పోయేటప్పుడు చూసినా, కాళ్లే లేవు దీనికి. ఇప్పుడు దిగేటప్పుడు వచ్చినాయి."

"నీ పేరేంది?"

"బుడేన్ సాబ్. జట్కా తోలేవాణ్ణి. మేత లేక గుర్రం పాయె. ఇప్పుడు ఈ మట్టిపని."

నాగప్పకు కావలసిన మనిషి దొరికాడు. సున్నం గీత మొదట్లోకి, చెరువు కట్ట బాగా కనబడే చోటికి అతన్ని నడిపించుకుపోయి, సంచిలోంచి రెండు గజాల ఎర్రగుడ్డ తీసి కర్రకు కట్టి చేతికిచ్చాడు.

"నీకు ఒకటే పని బుడేన్ సాబ్. రెండో పని ఎవరు చెప్పినా చేయొద్దు. రేపు నేను తూర్పు దిక్కు నుంచి, ఆ కట్ట మీద నుంచి వస్తా. కట్ట దాటకముందే దీని పొట్ట చూడు. మూడు చక్రాలు కనపడాల. కనపడినాయా, కదలకుండా నిలబడు. కనపడలేదా, ఈ గుడ్డ ఊపు. నేను దిగకుండా పైకి పోతా."

"చక్రాలు దించినారో లేదో మీకు తెలీదా సార్?"

"తెలుస్తాది. అయినా మనిషిని గదా. జట్కా కట్టేటప్పుడు చక్రానికి చీల పెట్టేది నువ్వు ఎన్నడూ మర్చిపోలేదా?"

బుడేన్ సాబ్ గడ్డం గోక్కున్నాడు. "ఒకతూరి మర్చిపోతి. పెండ్లివాళ్లు ఊరికే తొందర పెడతాంటే. వంక కాడికి పోయేసరికి చక్రం ఊడి పెండ్లికొడుకు బురదలో పడినాడు."

"అదే. తొందర పెట్టేవాళ్లు నాకూ ఉంటారు."

అన్నంతలోనే వచ్చాడు ఆ తొందర పెట్టేవాడు. దుమ్ము లేపుకుంటూ జీపు వచ్చి సున్నం గీతను తొక్కి మరీ ఆగింది. దాంట్లోంచి సమితి ప్రెసిడెంటు ఓబిరెడ్డి దిగాడు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, చలవ కళ్లద్దాలు. ఆయన కళ్లు ముందు విమానం మీద పడలేదు, ఎర్రగుడ్డ మీద పడ్డాయి.

"ఏమప్పా నాగప్పా, ఇదేంది? రేపు వచ్చేది కరువు కమిషనరు. ఆయప్పకు ఎర్రజెండాతో ఎదురుపోవల్నా? మొన్న ఎలచ్చన్లో నా మీద నిలబడినోళ్ల జెండా అది!"

"జెండా కాదు రెడ్డీ, గుడ్డ. చక్రాలు దిగకపోతే నాకు చూపించేదానికి."

"అట్లయితే పచ్చగుడ్డ ఊపించు."

"పచ్చ చూపిస్తే రమ్మని."

"రమ్మనే గదా మనం చెప్పల్సింది!" అని ఓబిరెడ్డి గట్టిగా నవ్వాడు. జీపు డ్రైవరు మారెప్ప కూడా నవ్వాడు, నవ్వకపోతే ఎట్లా. నాగప్ప నవ్వకుండా బుడేన్ సాబ్ వైపు తిరిగి, "నేను చెప్పింది గుర్తుంది గదా? ఒకటే పని" అన్నాడు.

బుడేన్ సాబ్ ఓబిరెడ్డి మొహం చూసి, పైలెట్ మొహం చూసి, తల ఊపాడు. ఆ తల ఎవరికి ఊపాడో నాగప్ప అప్పుడు ఆలోచించలేదు.

మరునాడు పొద్దున బళ్లారిలో గొడవ మళ్లీ మొదలైంది. కమిషనరు హైదరాబాదు నుంచి రైల్లో బళ్లారి దాకా వచ్చాడు. అక్కడి నుంచి పామిడి చెరువుకు విమానంలో అరగంట. ఆయనకు స్వాగతం చెప్పి వెంట వస్తానని ఓబిరెడ్డి జీపు పామిడిలోనే వదిలి, రాత్రి రైలుకే బళ్లారి చేరుకున్నాడు. వచ్చినవాడు వెనక కూర్చోవచ్చు గదా? లేదు. రెక్క మీద అడుగుపెట్టి, పంచె ఎగదోపుకుని, పైలెట్ పక్క సీట్లో చతికిలబడ్డాడు.

"ఎనక కూచో రెడ్డీ. ఇది నా పని చోటు."

"నా తాలూకాను ఎనక నుంచి చూడల్నా? సార్‌కు ఊర్లన్నీ చూపించేదెవరు, నువ్వా?"

కమిషనరు సన్నటి మనిషి. ఫైలు ఒళ్లో పెట్టుకుని, "ఎక్కడో ఒకచోట కూర్చోండయ్యా, ఆలస్యమవుతోంది" అన్నాడు. ఆ మాటతో ఓబిరెడ్డికి పట్టాభిషేకం అయిపోయింది.

"సరే. దిగేటప్పుడు మాత్రం మాట్లాడగూడదు. నా మీద చెయ్యి వేయగూడదు" అన్నాడు నాగప్ప.

"నోరు లేనోన్ని చేస్తాండావే నన్ను!"

దారి పొడుగునా ఆ నోరు మూతపడలేదు. ఇదో ఇది గుంతకల్లు రైలు రోడ్డు, ఇదో ఇది నేను తవ్వించిన బావి, ఇదో ఇది నేను వేయించిన రోడ్డు. కింద భూమి అంతా ఒకటే రంగు. బూడిద కలిసిన ఎరుపు. పెన్న ఇసుక మాత్రం తెల్లగా సాగి ఉంది. నాగప్ప ఆ ఇసుకను పట్టుకుని పోయి పామిడి గుర్తుపట్టి, చెరువు మీద ఒక చుట్టు తిరిగాడు. నేల మీద పొగ లేచి తూర్పుకు వాలిపోతోంది. పడమర గాలి, బలంగా. అంటే తను తూర్పు నుంచి గాలికి ఎదురుగా దిగాలి. నిన్న దిగినట్టే.

తూర్పున చెరువు కట్ట. కట్ట కింద, ఈ కరువు లోకంలో ఎక్కడా లేని పచ్చదనం. నలభై ఎకరాల చీనీ తోట, అన్నీ బత్తాయి చెట్లే. నడిమధ్య రెండు బావులు, రెండు ఇంజన్లు.

నాగప్పకు దిగే ముందు ఒక అలవాటు ఉంది. ఎడమ చెయ్యి స్టీరింగు మీద ఉంటుంది. కుడి చేతి బొటనవేలితో తక్కిన నాలుగు వేళ్లూ లెక్కపెడతాడు. చిటికెన వేలికి పెట్రోలు. ఉంగరపు వేలికి చక్రాలు. నడిమి వేలికి రెక్కల వెనక రేకులు. చూపుడు వేలికి పంఖా. నాలుగు వేళ్లూ అయిపోతే దిగడమే. నాలుగేళ్లలో ఒక్కసారీ తప్పలేదు.

విమానాన్ని కట్ట వైపుకు తిప్పి, చిటికెన వేలు ముట్టుకున్నాడు. పెట్రోలు ముల్లు చూశాడు, సరే. బొటనవేలు ఉంగరపు వేలి మీదికి వచ్చింది. చెయ్యి చక్రాల మీట వైపు కదిలింది.

ఓబిరెడ్డి ఆ మణికట్టు గబుక్కున పట్టుకున్నాడు.

"ఈ పక్క వద్దప్పా! కట్ట కింద నుంచి వద్దు! ఆ పక్క నుంచి దించు!"

"చెయ్యి ఇడువు!"

"ఆ పక్క నుంచి పోనీ అంటే!"

"ఆ పక్క నుంచి దిగితే గాలి ఎనక నుంచి తోస్తాది. చెరువు దాటిపోయి రాళ్లలో పడతాం. ఇడువు రెడ్డీ, ఇడువు!"

అప్పుడే గాలి ఒక తోపు తోసింది. కుడి రెక్క కిందికి వాలింది. నాగప్ప ఎడమ చేత్తో, రెండు కాళ్లతో దాన్ని లేపాడు. వెనక నుంచి కమిషనరు ముందుకు వంగి, "అదేమిటి ఆ పచ్చదనం? ఇంత కరువులో ఎవరిదా తోట?" అన్నాడు.

"ఫారెస్టోళ్లది సార్!" అన్నాడు ఓబిరెడ్డి.

"మిమ్మల్ని కాదు. పైలెట్ గారూ, ఎవరిదది? మీరు ఈ ప్రాంతం వారే కదా?"

చెప్పాలా? చెప్పకూడదా? కట్ట దగ్గరికి వస్తోంది. సున్నం గీతల మీదికి జనం ఎందుకు వచ్చారు? పలకలు వాయించేవాళ్లు గీత లోపలికి వచ్చేశారు. మణికట్టు మీద ఇంకా ఆ చెయ్యి. నాగప్ప విదిలించి లాక్కున్నాడు. విడిపించుకున్న చెయ్యి తన పని ఎక్కడ ఆపిందో వెతుక్కుని, బొటనవేలు నడిమి వేలి మీద పడింది. రేకులు. దించాడు. చూపుడు వేలు. పంఖా. సరి చేశాడు. నాలుగు వేళ్లూ అయిపోయాయని ఒళ్లంతా నమ్మింది.

ఎక్కడో ఏదో మోత మోగుతోంది. జనం కేకలు అనుకున్నాడో, పలకలు అనుకున్నాడో, ఏమీ అనుకోలేదో. కట్ట దాటింది. గీత మొదట్లో ఒక మనిషి చేతిలో పళ్లెం విసిరేసి రెండు చేతులూ ఊపుకుంటూ విమానానికి ఎదురుగా పరుగెత్తి వస్తున్నాడు. అతని వెనక మూడు వందల మంది అట్లాగే చేతులు ఊపుతున్నారు. అందరి చేతులూ ఒకటే మాదిరి కనబడ్డాయి.

నేల రావలసిన దానికంటే కొంచెం ఆలస్యంగా వచ్చింది. అప్పటికి తెలిసింది. తెలిసి ప్రయోజనం లేదు. పంఖా మొనలు మట్టిని కొట్టి వంగిపోయాయి. పొట్ట నేలకు ఒరుసుకుంటూ రెండు వందల గజాలు పోయింది. పది దినాలు కూలీలు పూడ్చిన నెర్రెలన్నీ ఒక్క గీత మేర మళ్లీ తెరుచుకున్నాయి. ఆగిన తరువాత మోత స్పష్టంగా వినబడింది. చక్రాలు దించలేదని విమానమే అరిచే హారన్ అది. అంతసేపూ అది నాగప్ప నెత్తి మీదే మోగుతోంది.

చెయ్యి చాచి దాన్ని ఆపాడు. ముగ్గురికీ దెబ్బల్లేవు. కమిషనరు కళ్లద్దాలు వెతుక్కుంటున్నాడు. ఓబిరెడ్డి తలుపు తోసుకుని దిగి, పంచె దులుపుకుని, దుమ్ములో పరుగెత్తుకొచ్చిన బుడేన్ సాబ్‌ను చూసి ఒక్కటి పీకాడు. చెంప మీద. జనమంతా చూస్తుండగా.

"గుడ్డ చూపేది మర్చిపోతివేమిరా? ముగ్గుర్ని చంపేవాడివి గదరా!"

బుడేన్ సాబ్ చెంప పట్టుకుని నేల చూశాడు. నాగప్ప రెక్క మీద నిలబడి అంతా చూశాడు. ఆయన కూడా ఆ క్షణాన, నిజం చెప్పాలంటే, గుడ్డ ఎందుకు ఊపలేదురా అనే అనుకున్నాడు. దెబ్బ కొట్టిన చెయ్యి వేరు గానీ కోపం ఇద్దరిదీ ఒకటే.

మధ్యాహ్నం కూలీలు మోకులు కట్టి విమానాన్ని పక్కకు లాగారు. నలభై మంది ఆడామగా. తిండి లేని ఒళ్లు, ఒక్కొక్క గజానికీ ఆగి ఆయాసం తీర్చుకున్నారు. నాగప్ప తానూ మోకు పట్టాడు. ఆయన ముందు సుంకమ్మ. పొద్దున పొగ వేసింది ఆమే. ఎండుకంప మీద పచ్చి వేపమండలు వేసి, గాలి దిక్కు చూపించే పని ఆమెది.

"నీ పని నువ్వు సరిగ్గా చేసినావమ్మా. ఆ సాయిబు చేసింటే ఈ మోకులు లాగే పని ఉండకపోవు" అన్నాడు నాగప్ప.

సుంకమ్మ మోకు వదిలేసి వెనక్కి తిరిగింది. "ఏం మాట్లాడతాండావు సార్? నీ కండ్లు పైనుండె, మా కండ్లు ఈడుండె. రెడ్డి రాత్రి పోతా పోతా మారెప్పకు చెప్పి పోయినాడంట. పొద్దున్నే మారెప్ప వచ్చి ఆ గుడ్డ పెరుక్కున్నాడు. సాయిబు ఇయ్యనంటే ఇయ్యననె. నీకు పని కావల్నా వద్దా అనె వాడు. గుడ్డ తీసుకపోయి జీపు తుడుస్తాండాడు, పోయి చూడు. సాయిబు చేతికి పూలదండల పళ్లెం ఇచ్చిరి. గొర్రెలు తోలమనిరి. పలకలోళ్లను పిల్చకరమ్మనిరి. సోడాబుడ్లు దించమనిరి. మళ్లా పళ్లెం పట్టుకోమనిరి. ఇన్ని పనుల్లో గూడా ఆయప్ప తల పైకెత్తే ఉండె. చక్రాలు లేవని అందరికంటే ముందు చూసింది ఆయప్పే. దండలు దుమ్ములో పారేసి నీకు ఎదురు పరిగిత్తె. పంఖా కింద పడి చస్తాడని మేం అరిస్తిమి. నువ్వేమో దిగితివి."

 పళ్లెం విసిరేసిన ఆ మనిషి నాగప్ప కళ్లముందు మెదిలాడు. మోకు వదిలి, బుడేన్ సాబ్ ఎక్కడున్నాడో చూసి వెళ్లాడు. చెరువు గట్టున నీడలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. చెంప వాచింది.

"నాతో ఎందుకు చెప్పలేదు బుడేన్ సాబ్?"

"ఏం చెప్పేది సార్. ఒకటే పని చేయమని మీరు చెప్తిరి. నేను నాలుగు చేస్తి."

"నేనూ అంతే చేసినా" అన్నాడు నాగప్ప. అతని పక్కనే కూర్చున్నాడు.

మూడో రోజు విచారణ. మద్రాసు నుంచి విమానాల సంగతి తెలిసిన ముసలి అధికారి రైలు దిగి కారులో వచ్చాడు. పామిడి ట్రావెలర్స్ బంగళా వరండాలో బల్ల వేశారు. బల్ల మీద నాలుగు గ్లాసుల చీనీరసం, పక్కన బుట్టనిండా కాయలు. ఊర్లో తాగేదానికి నీళ్లు లేవు, ఇక్కడ రసం. ఓబిరెడ్డి గెస్టులా కాదు, ఇంటి యజమానిలా అటూ ఇటూ తిరుగుతున్నాడు. కమిషనరు రెండు రాత్రులుగా ఆ బంగళాలోనే ఉన్నాడు, ఆ రసమే తాగుతున్నాడు.

అధికారి లోపల భోజనం చేస్తుండగా ఓబిరెడ్డి ఒక కాగితం తెచ్చి నాగప్ప ముందు పెట్టాడు. టైపు కొట్టించినది.

"చదువుకో. నీ మీదికి ఏమీ రాకుండా రాయించినా."

నాగప్ప చదివాడు. నేల మీద సంకేతం చూపే బుడేన్ సాబ్ ఎర్రగుడ్డ చూపలేదు గనుక, చక్రాలు దిగి ఉన్నాయని పైలెట్ నమ్మాడు. ప్రమాదానికి కారణం సదరు బుడేన్ సాబ్ నిర్లక్ష్యం. కింద సంతకానికి చోటు.

"దీంట్లో అబద్ధం ఒక్కటన్నా ఉంటే చెప్పు. చూపినాడా వాడు?"

"చూపలేదు."

"మరేంది? వాడేమన్నా విమానం తోల్తాడా, లైసెన్సు పోయేదానికి? నాలుగు దినాలు లోపలేస్తారు, నేను మాట్లాడి ఇడిపిస్తా. నీది అట్లగాదే. ఒకతూరి రెక్కలు తెగితే మళ్లా యాడికి పోయి శెనక్కాయలు పీక్కోవల్సిందే."

గుడ్డ చూపలేదన్న మాటలో నిజంగానే అబద్ధం లేదు. నాగప్ప చేతిలో కలం ఉంది.  కొంచెంసేపు సంతకం పెట్టేయాలనే అనుకున్నాడు. ఎగరని నాగప్ప ఎట్లా ఉంటాడో ఆయనకే తెలియదు.

అధికారి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి కూర్చుని, ముందు కమిషనరును అడిగాడు. దిగే సమయంలో పైలెట్‌కు ఎవరైనా అడ్డం వచ్చారా?

"నేను ఫైలు చూసుకుంటున్నాను. ఏదీ గమనించలేదు" అన్నాడు కమిషనరు. గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగాడు. అన్నం పెట్టిన చెయ్యి ఆయన ఎదురుగానే నిలబడి ఉంది మరి.

తరువాత బుడేన్ సాబ్‌ను పిలిచారు. మెట్ల కింద నిలబడ్డాడు.

"ఎర్రగుడ్డ ఎందుకు చూపలేదు?"

బుడేన్ సాబ్ ఓబిరెడ్డి వైపు చూశాడు. ఓబిరెడ్డి బుట్టలోంచి ఒక కాయ తీసి తొక్క వలుస్తున్నాడు.

"తప్పయింది సామీ. మర్చిపోతి."

ఆ మాట నాగప్ప వీపు మీద చరిచినట్టయింది. పంఖాకు ఎదురు పరుగెత్తినవాడు మర్చిపోయానంటున్నాడు. అది ఎవరి మాటో, ఎవరి నోట్లోంచి వస్తోందో! నాగప్ప ఆ టైపు కాగితాన్ని నిలువునా చింపి, అధికారి ముందున్న తెల్ల కాగితం లాక్కుని, నిలబడే రాశాడు. చక్రాలు దించడం నేను మరిచిపోయాను. బుడేన్ సాబ్ తప్పు ఏమీ లేదు. సంతకం పెట్టి తోశాడు.

"ఏమప్పా, తలకాయ తిరిగిందా?" అన్నాడు ఓబిరెడ్డి.

అధికారి అది చదివి కళ్లద్దాల పైనుంచి చూశాడు. ఆయనకు రెడ్డీ పట్టడు, కమిషనరూ పట్టడు. యంత్రం ఎందుకు పడిందో తెలియాలి, అంతే. "హారన్ మోగలేదా?"

"మోగింది సార్."

"వినలేదా?"

"చెవిలో పడింది. బుర్రకెక్కలేదు. ఏళ్ల మీద లెక్కపెట్టుకునేది నా అలవాటు. రెండో ఏలి మీద ఉండంగా చెయ్యి పట్టుకున్నారు. ఇడిపించుకునేసరికి మూడో ఏలి మీదికి పోయినా."

"ఎవరు పట్టుకున్నారు?"

"పక్కన కూర్చున్నాయన."

"అబద్ధం!" అని ఓబిరెడ్డి లేచాడు. "నేనేంటికి పట్టుకుంటా? నాకేం పని?"

అధికారి చెయ్యెత్తి ఆయన్ని కూర్చోమన్నాడు. జిల్లా పటం బల్ల మీద పరిచి, గ్లాసులు పక్కకు జరిపి, ఎర్ర పెన్సిలు తీశాడు. "లెక్క తప్పినప్పుడు విమానం ఎక్కడుంది? కచ్చితంగా చెప్పగలరా?"

నాగప్పకు నవ్వొచ్చింది. మూడు రోజుల్లో మొదటి నవ్వు. "చెప్తా సార్. ఓబిరెడ్డిగారి చీనీతోట మీద. కట్ట కింద తూర్పున, నలభై ఎకరాలు, రెండు బావులు, రెండు ఇంజన్లు. పచ్చగా ఉండాది, గుర్తుపట్టేది సులువు. ఈ పక్క నుంచి వద్దని చెయ్యి పట్టుకున్నది ఆడనే. అది ఎవరిదని కమిషనరు గారు నన్నడిగిందీ ఆడనే. అప్పుడు జవాబు చెప్పేదానికి తీరలేదు. ఇప్పుడు చెప్తాండా."

కమిషనరు చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టాడు. అధికారి పటం మీద వంగి, కట్ట కింద గుండ్రంగా గీత గీసి, పక్కన రాసుకున్నాడు. పండ్ల తోట, నలభై ఎకరాలు, రెండు ఇంజను బావులు. రాసి, ఆ పటాన్ని విచారణ కాగితాలతో కలిపి దారం కట్టాడు. ఓబిరెడ్డి చేతిలో కాయ సగం వలిచి అట్లాగే ఉండిపోయింది.

"లైసెన్సు పుస్తకం ఇవ్వండి" అన్నాడు అధికారి, మెల్లగా. "తప్పదు."

నాగప్ప జేబులోంచి తీసి ఇచ్చాడు. తప్పు తనది కూడా. ఆ మాటకు ఎదురు లేదు. కానీ చొక్కా జేబు మీదికి చెయ్యి రెండుసార్లు పోయి ఖాళీగా వెనక్కి వచ్చింది.

మరునాడు పొద్దున్నే ఇంకో విమానం రావాలి. కమిషనరునూ అధికారినీ తీసుకుపోవడానికి. ఎర్రగుడ్డ పట్టుకునే మనిషి లేకపోతే దింపొద్దని అధికారి తంతి ఇచ్చాడు. ఆ పని తెలిసినవాడు తాలూకా మొత్తానికి ఒక్కడే. మారెప్ప జీపులోంచి గుడ్డ తెచ్చిచ్చాడు. నూనె మరకలు, దుమ్ము. ఉతకడానికి నీళ్లెక్కడివి? బుడేన్ సాబ్ దాన్ని రెండుసార్లు జాడించి కర్రకు కట్టుకుని, గీత మొదట్లో నిలబడ్డాడు. నాగప్ప పది అడుగులు వెనక నిలబడ్డాడు. ఇప్పుడు ఆయనకు ఏ పనీ లేదు.

సుంకమ్మ పొగ వేసింది. తూర్పున చుక్క కనబడింది, మోత వినబడింది.

ఓబిరెడ్డి అప్పటికే జీపు దిగి అధికారి పక్కకు, కమిషనరు పక్కకు తిరుగుతూ చేతులు నలుపుకుంటున్నాడు. ఎండ మొహాన కొడుతోంది. కమిషనరు రుమాలు నెత్తిన వేసుకున్నాడు.

"రేయ్ బుడేనూ! జీపులో గొడుగుంది, తీసుకురా!"

బుడేన్ సాబ్ కదలలేదు.

"బుడేనూ! నిన్నేరా!"

విమానం కట్ట వైపు తిరిగింది. నాగప్ప బొటనవేలు తనంతట తానే చిటికెన వేలు దాటి ఉంగరపు వేలి మీదికి వచ్చి ఆగింది. పైన ఎవడో కొత్త కుర్ర పైలెట్. వాడి పక్కన ఎవరు కూర్చున్నారో, వాడి చెవిలో ఎవరు అరుస్తున్నారో! పొట్ట కింద ఇంకా ఏమీ లేదు. బుడేన్ సాబ్ కర్ర భుజం దాకా లేపాడు.

ఓబిరెడ్డికి మండింది. పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ వచ్చి, బుడేన్ సాబ్‌కూ ఆకాశానికీ నడుమ, సరిగ్గా ఎదురుగా నిలబడ్డాడు. "చెవుడా రా నీకు? గొడుగు తెమ్మంటి గదా!"

బుడేన్ సాబ్ ఆయన మొహం చూడలేదు. ఎడమ చెయ్యి చాచి, ఆ తెల్ల చొక్కా మీద అరచెయ్యి ఆనించి, దారికి అడ్డం నిలిచిన ఎద్దును జరిపినట్టు పక్కకు జరిపాడు. చొక్కా మీద నూనె వేళ్లు అయిదూ పడ్డాయి. ఓబిరెడ్డి వంగి ఆ మరకలు చూసుకున్నాడు. 

కట్టకు అవతల, చీనీతోట మీద, పొట్ట కింద ఒకటి కనబడింది. తరువాత రెండు. మూడూ దిగాయి. బుడేన్ సాబ్ కర్ర దించాడు. అయినా కళ్లు దించలేదు. చక్రాలు సున్నం గీత దాటి, నేలకు ఆని, దుమ్ము లేపి, చివరిదాకా పరుగెత్తి, పంఖా తిరగడం ఆగేదాకా చూశాడు. నాగప్ప బొటనవేలు అప్పుడు ఉంగరపు వేలిని వదిలింది.

బుడేన్ సాబ్ గుడ్డను కర్ర నుంచి విప్పి, నాలుగు మడతలు పెట్టి, చంకలో పెట్టుకున్నాడు. అప్పుడు ఓబిరెడ్డి వైపు తిరిగాడు.

"ఏమప్పా, పిలిచినావా?"